అటవీ శాఖ ఉండగా వైల్డ్‌లైఫ్ ట్రస్ట్ ఆఫ్ ఇండియా చేసే పనేంటి?

వన్యప్రాణుల రక్షణ చట్టం అమలు చేసేది అటవీ శాఖే. 1998లో మొదలైన ఈ ట్రస్టు ఒక స్వచ్ఛంద సంస్థ. అది ఆ శాఖతో కలిసి, చట్టం ఒక్కదానివల్ల కాని పనులు చేస్తుంది. గుజరాత్ తీరమే చూడండి. వేల్ షార్క్ అనే భారీ సొరచేపకు 2001లోనే చట్టరక్షణ వచ్చింది. కానీ నడిసముద్రంలో జాలరిని ఎవరు ఆపుతారు? 2004లో ట్రస్టు అక్కడ ప్రచారం మొదలుపెట్టింది. ఆ చేపను 'వహాలీ' అన్నారు, అంటే ముద్దుబిడ్డ. పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లతో పోల్చారు. తర్వాత అది వలలో పడితే జాలర్లే వల కోసి వదిలేయడం మొదలుపెట్టారు! తెగిన వలకు అటవీ శాఖ పరిహారం ఇస్తుంది. నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించేది ఇదే.

అస్సాంలోని కజిరంగా అడవి దగ్గర, వరదల్లో తల్లికి దూరమైన ఖడ్గమృగం పిల్లలకు సీసాతో పాలు పట్టి, పెద్దయ్యాక అడవికి పంపే కేంద్రమూ ఉంది. ఏనుగుల దారులనూ ట్రస్టు కాపాడుతుంది.