కోర్సు సంగతి తర్వాత, ముందు ఆ 401 చూడండి

ప్రశ్న: మాది పాలకొల్లు దగ్గర పల్లెటూరు. భీమవరంలో బీటెక్ సీఎస్‌ఈ మూడో ఏడాది చదువుతున్నాను. రొయ్యల రైతులు రోజూ మేత లెక్కలు రాసుకోవడానికి వెబ్ యాప్ చేశాను. కాసేపు వాడాక 401 ఎర్రర్ వచ్చి లాగిన్ పేజీకి వెళ్లిపోతోంది. టోకెన్ (లాగిన్ అయ్యాక గుర్తింపుగా సర్వర్ ఇచ్చే కోడ్) గడువు ఏడాదికి పెంచేయమని ఫ్రెండ్స్ అంటున్నారు. ఇదే సరిచేయలేకపోతే ఉద్యోగం ఎలా వస్తుందని టెన్షన్‌గా ఉంది. హైదరాబాద్ వెళ్లి ఫుల్‌స్టాక్ కోర్సులో చేరనా?

జవాబు: ఇప్పుడే ఫీజు కట్టకండి. మీ చేతిలో ఉన్న ఈ ఎర్రరే మంచి పాఠం. లాగిన్ సజావుగా జరిగే దారి ఏ వీడియోలోనైనా చూపిస్తారు. అది ఎక్కడెక్కడ తెగుతుందో మాత్రం ఎవరికి వారు తవ్వి తెలుసుకోవాల్సిందే.

బ్రౌజర్‌లో ఎఫ్12 నొక్కి నెట్‌వర్క్ ట్యాబ్ తెరవండి. ఫెయిలైన రిక్వెస్టులో టోకెన్‌ని మోసుకెళ్లే ఆథరైజేషన్ హెడర్ అసలు వెళ్తోందా? వెళ్తుంటే టోకెన్ చూడండి. మామూలు జేడబ్ల్యూటీలో (జేసన్ వెబ్ టోకెన్, ఎక్కువగా వాడే టోకెన్ రకం) చుక్కలతో విడదీసిన మూడు ముక్కలుంటాయి. రెండో ముక్కను డీకోడ్ చేస్తే ‘ఈఎక్స్‌పీ’ దగ్గర గడువు కనిపిస్తుంది, 1970 జనవరి 1 నుంచి లెక్కేసిన సెకన్లలో. అది దాటిపోయి ఉంటే కారణం దొరికినట్టే. 401 అంటే మీరెవరో సర్వర్‌కి తేలలేదని. 403 అయితే తేలింది గానీ ఆ పనికి అనుమతి లేదని, అప్పుడు మళ్లీ లాగిన్ చేయించి లాభం లేదు.

గడువు ఏడాదికి పెంచొద్దు. టోకెన్ ఎవరి చేతికైనా చిక్కితే ఏడాదిపాటు ఆ రైతు లెక్కలు వాళ్లకి తెరిచిపెట్టినట్టే. రిక్వెస్టుతో వెళ్లే ఈ టోకెన్ (యాక్సెస్ టోకెన్) గడువు తక్కువే ఉంచి, అది తీరాక కొత్తది తెచ్చుకోవడానికి రిఫ్రెష్ టోకెన్ అని ఇంకోటి పెట్టండి. 401 రాగానే ఒక్కసారి రిఫ్రెష్ చేసి అదే రిక్వెస్ట్ మళ్లీ పంపాలి. అప్పటికీ కుదరకపోతేనే లాగిన్ పేజీ. ఆ ‘ఒక్కసారి’ మర్చిపోతే యాప్ లూప్‌లో పడుతుంది.

ఇంతకంటే ముఖ్యమైనది ఇంకోటుంది. తెల్లారగట్ల చెరువు గట్టు మీద చెక్‌ట్రే (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెం) పైకి తీసి చూసి, తడి చేత్తోనే మేత కిలోలు కొట్టిన రైతు ‘సేవ్’ నొక్కితే లాగిన్ పేజీ వచ్చి అంకెలన్నీ పోయాయనుకోండి. మర్నాడు ఆయన పాత పుస్తకమే తీస్తాడు. కొట్టినవి ముందు ఫోన్‌లోనే దాచి, లాగిన్ కాగానే అదే పేజీకి తీసుకురండి. ఇంటర్వ్యూలో నేను కూర్చుంటే ఇదే అడుగుతాను.

లాగిన్ తప్పితే ‘ఈ నంబరుకి ఖాతా లేదు’ అని చెప్పకండి, ఎవరెవరికి ఖాతా ఉందో బయటివాళ్లకి తెలిసిపోతుంది. ‘నంబరు లేదా పాస్‌వర్డ్ సరిపోలేదు’ అంటే చాలు.

ఇదంతా చేశాక కూడా కోర్సు కావాలనిపిస్తే, మీకు రానిది ఏమిటో పేరు పెట్టి చెప్పగలిగిన రోజున చేరండి.