ఒకే వీధిలో మూడు సంఘాలు

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లె. వీధిలో మూడు క్రైస్తవ సంఘాలున్నాయి, ఒకరి కూడికకు ఇంకొకరు వెళ్లరు, బాప్తిస్మం దగ్గరే గొడవ. మేమేం చేయగలమండీ?
– ఒక సోదరి

జవాబు: అమ్మా, ఇది బైబిల్లోని కొరింథు సంఘం నాటి గొడవే. అక్కడివాళ్లు బోధకులైన పౌలు పేరున, అపొల్లో పేరున జట్లు కడితే పౌలే మందలించాడు. 1947 సెప్టెంబర్ 27న ఆంగ్లికన్, మెథడిస్టు వగైరా సంఘాలు కలిసి సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) అయ్యాయి గానీ మన వైపు కెనడా బాప్టిస్టు మిషన్ నాటిన సంఘాలు అందులో చేరలేదు, ఎందుకంటే పసిపిల్లలకా, నమ్మిన పెద్దలకా అన్న బాప్తిస్మం తేడా నిజంగా పెద్దదే. దాన్ని తేల్చే టెన్షన్ మీకొద్దు. పాస్టర్లు ఒప్పుకునేదాకా ఆగకుండా (ఆగితే ఏళ్లు పడుతుంది!) జనవరి 18-25 ఐక్యతా ప్రార్థన వారంలో మూడు సంఘాల ఆడవాళ్లూ ఒక ఇంట్లో కూర్చోండి. ఎవరింట్లో జబ్బు చేసినా కలిసే వెళ్లండి.