మూల కుదరకపోతే ఏటవాలు కోతే వద్దు

ప్రశ్న: మా పాత పెంకుటిల్లు విప్పినప్పటి టేకు వాసాలు ఉన్నాయి. ఇప్పటి ఇంట్లో గుమ్మాల పక్కన సిమెంటు పగిలి సందులు పడ్డాయి. చిన్న పనని వడ్రంగులు రావడం లేదు. ఆ సందులు కప్పే చెక్క పట్టీలు (బీడింగ్) నేనే కొడదామంటే పై మూలల్లో 45 డిగ్రీల కోత కుదరక రెండు పట్టీలు పాడయ్యాయి. మావారు నవ్వుతున్నారు.
– ఒక పాఠకురాలు, తణుకు

జవాబు: నవ్వనివ్వండమ్మా. నలభై ఏళ్లు రంపం పట్టిన నాకే పాత గుమ్మాల దగ్గర ఆ కోత ఒక పట్టాన కుదరదు. గుమ్మం మూల సరిగ్గా 90 డిగ్రీలు ఉంటేనే 45 కలుస్తుంది. మూలమట్టం పెట్టి చూడండి, ఎంత తేడా ఉందో తెలుస్తుంది. ఒకవేళ కలిసినా, చెక్క వానలకు ఉబ్బి ఎండలకు ముడుచుకుంటుంది కాబట్టి మూల నోరు తెరుస్తుంది. మీ సిమెంటు పగిలిందీ అందుకే.

నిలువు పట్టీలు రెండూ పైన తిన్నగా కోసేయండి. అడ్డపట్టీని వాటి నెత్తిన కూర్చోబెట్టండి. నిలువువి అర అంగుళం మందం, అడ్డది ముప్పావు. అటూ ఇటూ అర అంగుళం చొప్పున బయటికి రానివ్వండి. కోతలో వెంట్రుకంత తేడా వచ్చినా, ముందుకొచ్చిన అడ్డపట్టీ నీడలో కనబడదు. టేపుతో కొలిచి కోయడం కంటే, పట్టీని గుమ్మానికి ఆనించి పెన్సిల్‌తో గీసుకోవడం మేలు.

వాసాలు కోత మిల్లుకి పంపేముందు మేకులన్నీ పీకించండి. లోపల ఒక్కటి మిగిలినా రంపం పళ్లు పోతాయి, మిల్లాయన చేత తిట్లు తప్పవు. అంచున తెల్లగా, చేవ లేని భాగం ఉంటే కోయించి తీసేయండి. చెదలు మొదట పట్టేది దాన్నే. పట్టీకి రెండున్నర అంగుళాల వెడల్పు చాలు.

పట్టీ లోపలి అంచు గుమ్మం చెక్క అంచు నుంచి పావు అంగుళం వెనక్కి ఉండాలి. అప్పుడే తలుపు బందులకు అడ్డురాదు. మేకులు గుమ్మం చెక్కలోకే దిగాలి, సిమెంటులో నిలవవు. టేకు చివర్లు ఊరికే చీలతాయి కాబట్టి ముందు సన్నగా రంధ్రం వేసుకోండి. మేకు తల లోపలికి దించి లప్పం పెట్టి, శాండ్ పేపర్ రుద్దేస్తే సరి.

అన్నిటికంటే ముఖ్యం పట్టీ అడుగు. రోజూ గడప కడిగి పసుపు రాస్తారు కదా, కోసిన చివర ఆ నీళ్లన్నీ పీల్చేస్తుంది. అందుకే నేలకు పెన్సిల్ మందమంత ఎత్తులో ఆపి, ఆ చివరకు బిగించక ముందే రెండు పూతలు రంగు వేయండి. తోరణం కోసం అడ్డపట్టీకి రెండు కొక్కేలు కూడా ఇప్పుడే బిగించుకోండి. లేకపోతే ప్రతి పండక్కీ ఎవరో ఒకరు కొత్త మేకు కొడతారు.

పాడైన పట్టీలు పారేయకండి. ఏడడుగుల గుమ్మానికి చాలనివి కిటికీలకు చక్కగా సరిపోతాయి.