బడి ఆగింది, అబ్బాయి అవసరం ఆగలేదు

ప్రశ్న: మా బాబుకు 19 ఏళ్లు. ఆటిజంతో పాటు మేధో వైకల్యం ఉంది. మాటలు దాదాపు లేవు. పోయినేడాది స్పెషల్ స్కూల్ అయిపోయింది, అప్పట్నుంచి ఇంట్లోనే. రోజూ పొద్దున ఎనిమిదింటికి స్కూల్ బ్యాగ్ తగిలించుకుని గుమ్మం దగ్గర కూర్చుంటాడు. పదయ్యేసరికి గోడకు తల కొట్టుకుంటాడు. రాత్రి నిద్ర లేదు, నాకూ లేదు. మందు డోసు పెంచమంటారా?
– ఒక తల్లి

జవాబు: డోసు మాట తర్వాత చూద్దాం అమ్మా. ముందు బాబుకు ఎక్కడైనా నొప్పి ఉందేమో తేల్చుకోవాలి. మాటలు రానివాళ్లు నొప్పిని చాలాసార్లు ఇలాగే బయటపెడతారు. పళ్లు, చెవులు, మలబద్ధకం, ఎసిడిటీ అన్నీ చూపించండి. ఆటిజం ఉన్న కొందరికి యుక్తవయసులో ఫిట్స్ మొదలవుతాయి, ఆ సంగతీ అడగండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడు ఎప్పుడూ ఎడమ చెంప మీదే కొట్టుకునేవాడు. మొండితనం అనుకుని అంతకుముందు రెండుసార్లు డోసు పెంచారు. నోరు తెరిపించి చూస్తే జ్ఞానదంతం దగ్గర చీము పట్టి ఉంది.

నొప్పేమీ లేదని తేలితే, కారణం చాలావరకు మీరు రాసిన ఆ బ్యాగ్‌లోనే ఉంది. బాబు తయారవుతున్నాడు, వెళ్లడానికి చోటు లేదు. ఖాళీ అయిపోయిన రోజును మందు నింపలేదు. డోసు పెంచితే మత్తు, బరువు పెరగడం లాంటివి రావచ్చు. అలాగని ఇప్పుడు వాడుతున్నది మీ అంతట మీరు ఆపేయకండి.

చాలాచోట్ల ప్రభుత్వ సాయం బడి వయసుతోనే ఆగిపోతుంది. నాకు ఇది చాలా అన్యాయంగా అనిపిస్తుంది. ఆటిజం జీవితాంతం ఉండేదే కదా! పగటిపూట వెళ్లడానికి డే సెంటర్, తీసుకెళ్లడానికి వాహనం, చేయగలిగిన పని ఉంటే పక్కనుండి నేర్పే మనిషి, తల్లిదండ్రులకు నెలలో కొన్ని రోజులైనా ఊపిరి తీసుకునే వీలు... ఇవన్నీ వైద్యంలో భాగమే. 2006లో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన దివ్యాంగుల హక్కుల ఒడంబడికలోని 19వ అధికరణం కూడా ఇదే చెబుతోంది: నలుగురి మధ్య బతకడం వాళ్ల హక్కు, అందుకు కావాల్సిన సేవలు ఇంటి దగ్గరా, సమాజంలోనూ అందాలి.

అందుకే మీ డాక్టర్‌ను మందుచీటీతో పాటు ఒక లెటర్ అడగండి. జబ్బు పేరు ఒక్కటే రాస్తే చాలదు. స్నానానికి, తిండికి, బయటికి వెళ్లడానికి బాబుకు రోజుకు ఎన్ని గంటలు మనిషి తోడు కావాలో అందులో స్పష్టంగా ఉండాలి. మీలాంటి నలుగురైదుగురు తల్లిదండ్రులు అలాంటి లెటర్లతో కలిసి వెళ్లి సంక్షేమ అధికారిని డే సెంటర్ అడిగితే, కాదనడం అంత తేలిక కాదు.

ఈలోగా ఎనిమిదింటికి బ్యాగ్ తీయించకండి. దాంతోనే బాబును బయటికి తీసుకెళ్లండి. రోజూ అదే దారి, అదే టైమ్, తిరిగొచ్చాక చేతులకు ఒక పని.

ఇంకో మాట. ఆ లెటర్‌లో మీరు రాత్రికి ఎన్ని గంటలు నిద్రపోతున్నారో కూడా రాయించండి.