చార్మినార్ ఎక్కాలనుకున్న నత్త: కథ నుంచి అచ్చు దాకా

మీ ప్రశ్న ఇది: ఐదేళ్ల పాప కోసం చార్మినార్ ఎక్కాలని కలగన్న నత్త కథ రాశారు. 900 మాటలు వచ్చింది. బొమ్మలు మీ చెల్లెలు వేస్తుంది. పాప పుట్టినరోజుకు హైదరాబాద్‌లోనే 50 కాపీలు వేయించాలి, ఏ ప్రెస్‌కి వెళ్లాలి అని అడిగారు. ప్రెస్ సంగతి చివర్లో. ముందు 6 తెల్ల కాగితాలు తీసుకోండి.

6 ఏ4 కాగితాలను నడిమికి మడిచి ఒకదాంట్లో ఒకటి దూరిస్తే 24 పేజీలవుతాయి. పెన్సిల్‌తో నంబర్లు వేయండి. 1లో పేరు, 2లో రాసినవాళ్ల, వేసినవాళ్ల వివరాలు. కథ 3వ పేజీలో మొదలవుతుంది. 4-5 నుంచి 22-23 దాకా పది జోడు పేజీలు, 24వ పేజీలో ముగింపు. అంటే కథకు దొరికేవి 12 చోట్లే. 900 మాటలను 12తో భాగిస్తే చోటుకు 75. అంత పాఠం (రాత) పెడితే బొమ్మకు జాగా ఉండదు, పాప కూడా చదివేదాకా ఆగకుండా పేజీ తిప్పేస్తుంది. చోటుకు 20, 25 మాటలు, మొత్తం 250 నుంచి 300 చాలు. ‘ఎక్కలేకపోయిందట’ మనకు ఒకే మాట కాబట్టి, ఇంగ్లిష్ పుస్తకాలకు చెప్పే లెక్క తెలుగుకు వాడితే బరువెక్కిపోతుంది.

తగ్గించడం ఎలాగంటే, బొమ్మలో కనిపించేదంతా కొట్టేయండి. మీ మొదటి పేజీ ఇలా ఉంది: ‘అనగనగా చార్మినార్ పక్కన ఒక చిన్న నత్త ఉండేది. దానికి చార్మినార్ ఎక్కాలని చాలా పెద్ద కల. అది విని మేక పకపకా నవ్వింది.’ చార్మినార్ బొమ్మలో ఉంది. నత్త చిన్నదనీ కనిపిస్తూనే ఉంది. మిగిలేది ఇంతే:

‘ఎక్కడికి?’ అంది మేక.
‘పైకి,’ అంది నత్త.

మేక తల ఎత్తి చూస్తున్నట్టు వేయించి, ఏం చూస్తోందో మాత్రం ఆ పేజీలో చూపించకండి. పేజీ తిప్పితే 4-5లో చార్మినార్ మొత్తం కనపడాలి. ‘పెద్ద కల’ అనే మాట కథలో ఎక్కడా రాయనక్కర్లేదు, ఆ తిప్పడంలోనే వస్తుంది. కుడివైపు పేజీ ఎప్పుడూ ఏదో ఒకటి దాచిపెట్టి ఆగాలి.

ఇక కథలో అసలు లోపం. మీ నత్తను పావురం ఎత్తుకెళ్లి పైన దింపుతోంది. అప్పుడు చార్మినార్ ఎక్కింది పావురం, నత్త కాదు. ఇలాంటి కథలు చాలావరకు ఇక్కడే కూలిపోతాయి. దేవత వరమిస్తుంది, లేదంటే తాతయ్య తాబేలు వచ్చి ‘ఉన్నదాంతో తృప్తిపడాలి’ అని చెప్పి వెనక్కి పంపిస్తుంది. రెండూ పిల్లల దృష్టిలో మోసమే. కల ఎంత పెద్దదైనా ఫర్వాలేదు, అది ఆ జంతువు ఒంట్లో ఉన్న సరుకుతోనే తీరాలి.

నత్త దగ్గర సరుకు బోలెడుంది. దాని నాలుక ఆకురాయిలా గరుకుగా ఉంటుంది. గుల్ల గట్టిపడటానికి కాల్షియం కావాలి కనుక సున్నం ఉన్న గోడల్ని ఆ నాలుకతో గీకి తింటుంది. చార్మినార్‌లో ఉన్నది డంగుసున్నం. అంటే ఎక్కేకొద్దీ నత్తకు భోజనం దొరుకుతూనే ఉంటుంది! మేకకు నవ్వులాటగా ఉన్న గోడ నత్తకు పెద్ద అట్టు. ఈ ఒక్క విషయం పట్టుకుంటే పావురం అవసరమే రాదు.

వేగం సెకనుకు ఒక మిల్లీమీటరు అటూఇటూ వేసుకోండి, గంటకు 3.6 మీటర్లు. మినార్ ఎత్తు దాదాపు 50 మీటర్లు. ఆగకుండా పాకితే సుమారు 14 గంటలు. నత్త తిరిగేది తడి ఉన్న రాత్రిళ్లు కాబట్టి కనీసం రెండు రాత్రులు పడుతుంది. మధ్యలో పగలు, ఎండ. అప్పుడు గుల్లలోకి ముడుచుకుని వాకిలికి పల్చని పొర కట్టేసుకుని పడుకుంటుంది. దానికి ఒక జోడు పేజీ మొత్తం ఇచ్చేయండి: మాట ఒక్కటీ ఉండదు, గోడకు అంటుకున్న గుల్ల, కింద పగటి పూట జనం. చార్మినార్‌కు నాలుగు వైపులా గడియారాలున్నాయి, 1889లో పెట్టినవి. గంట ఎంతయిందో పాఠంలో చెప్పకుండా గడియారం ముళ్లతో చూపించవచ్చు.

అడ్డంకులు కూడా అక్కడివే దొరుకుతాయి. ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కల బండి ఉందనుకోండి. ఉప్పు తగిలితే నత్త ఒంట్లోని నీరంతా లాగేస్తుంది, ప్రాణం పోతుంది. బండి కింద రాలిన ఉప్పు చుట్టూ వెండి గీతలా మెరిసే జిగురు దారి వంకర తిరిగి పోతున్నట్టు వేస్తే చాలు. లాడ్‌బజార్‌లో కిందపడ్డ లక్క గాజు ఇంకోటి. నిలబడి ఉన్న గాజును కమాను అనుకుని నత్త ఎక్కేస్తుంది, ‘వచ్చేశా!’ అంటుంది. పిల్లలు నవ్వేది అక్కడే. గాజును 6-7లో పెట్టండి, ఉప్పును 8-9లో.

చెల్లెలికి చెప్పాల్సినవి. ఇంటర్నెట్‌లో చూసి వేస్తే యూరప్ తోటల గుండ్రటి నత్త వస్తుంది. వానాకాలంలో మన పెరళ్లలో విరివిగా కనపడే ఆఫ్రికన్ నత్త గుల్ల పొడుగ్గా, కొస తేలి, గోధుమరంగు చారలతో ఉంటుంది. (చూసి గీయడానికి పట్టుకుంటే చేతికి కవర్ తొడుక్కోమనండి, తర్వాత సబ్బుతో కడుక్కోవాలి. దానిలో మనుషులకు సోకే పరాన్నజీవులు ఉండొచ్చు.) కొమ్ములు రెండు జతలు, కళ్లు పొడుగు జత చివర ఉంటాయి, మొహం మీద కాదు. ఇంకో సంగతి: గుల్ల మెలిక మామూలుగా కుడివైపు తిరుగుతుంది. అదే బొమ్మను కంప్యూటర్‌లో అద్దంలోలా తిప్పి ఇంకో పేజీలో వాడితే మెలిక ఎడమకు మారిపోతుంది. అటు వెళ్లే నత్తను వేరేగా గీయాల్సిందే.

ఎత్తు చూపించడానికి ఒక జోడు పేజీని నిలువుగా వేయండి, పుస్తకం తిప్పి పట్టుకుని చూసేలా. చాలాచోట్ల కాదు, ఒక్కచోటే, అదీ 12-13లోనే. సెంటర్ పిన్ (నడిమి మడత మీద పిన్ను కొట్టిన) పుస్తకంలో ఎడమ, కుడి పేజీలు ఒకే కాగితం మీద పక్కపక్కన పడేది నట్టనడుమ మాత్రమే. మిగతాచోట్ల రెండు వేరే కాగితాలు కలుస్తాయి, మిల్లీమీటరు జరిగినా మినార్ విరిగినట్టు కనిపిస్తుంది.

ఇప్పుడు అక్షరాలు. డీటీపీ షాపుల్లో ఇప్పటికీ చాలామంది అనూ ఫాంట్లలో కొడతారు. ఆ ఫైలు ఇంకో కంప్యూటర్‌లో తెరిస్తే గజిబిజి, రేపు ఈబుక్ చేద్దామన్నా మళ్లీ మొదట్నుంచి కొట్టాలి. ఏ కంప్యూటర్‌లోనైనా ఒకేలా తెరుచుకునే యూనికోడ్‌లో అడగండి. మండలి లాంటి ఉచిత ఫాంట్ లోపలి పాఠానికి సరిపోతుంది. పేజీలు కూర్చే సాఫ్ట్‌వేర్ ఇన్‌డిజైన్‌లో వరల్డ్ రెడీ కంపోజర్ అనే సెట్టింగ్ ఎంచుకోకపోతే వత్తులు విడిపోయి పక్కకు పడతాయి. సైజు 20 నుంచి 24 పాయింట్లు. వరుసల మధ్య ఎడం అక్షరం సైజుకు 1.6 రెట్లకు తగ్గితే పై వరుస వత్తు కింది వరుస గుడిని తాకుతుంది. ప, ఫ, ష, వ ఒకదాన్నుంచి ఒకటి తేలిగ్గా తేడా తెలియని వంపుల ఫాంట్లు అట్టకే ఉంచండి. అక్షరాలు నలుపు ఒక్క రంగులోనే ఉండాలి, అంటే సీఎంవైకేలో (అచ్చుకు వాడే నాలుగు రంగులు: నీలం, గులాబీ, పసుపు, నలుపు) నలుపు 100 శాతం, మిగతా మూడూ సున్నా. నాలుగు రంగులూ కలిసిన నలుపైతే కాస్త జరిగినా వత్తుల చుట్టూ రంగు నీడ వస్తుంది. ఫొటోషాప్‌లో బొమ్మతో కలిపి అతికించేసిన అక్షరాలదీ అదే గతి, మసకే.

వాటర్ కలర్ అయితే ఫోన్‌తో ఫొటో తీయొద్దు, పసుపు పట్టేస్తుంది. స్కానర్‌లో 600 డీపీఐ (అంగుళానికి చుక్కలు). పేజీలో పెట్టేసరికి 300కు తగ్గకూడదు. నాలుగు వైపులా 3 మిల్లీమీటర్లు బొమ్మ ఎక్కువ ఉండాలి, కోతలో పోతుంది. పాఠం అంచునుంచి 12 మిల్లీమీటర్లు లోపలికి. కంప్యూటర్ తెర మీద మెరిసే చిలకాకుపచ్చ అచ్చులో డల్ అవుతుంది. ముందే సీఎంవైకేలో చూసుకుంటే గుండె కాస్త తక్కువ పగులుతుంది.

50 కాపీలకు డిజిటల్ ప్రింటే. ఆఫ్‌సెట్‌లో ప్లేట్ల ఖర్చు కాపీలు ఎన్నైనా అంతే కాబట్టి 500 దాటితేనే గిట్టుబాటు. సైజు 8.5 బై 8.5 అంగుళాలు పెట్టుకోండి. రెండు పేజీలు కలిపి కోతతో సహా 17.25 అంగుళాలు, 13 బై 19 కాగితంలో హాయిగా పడుతుంది. అడ్డం ఏ4 అందంగానే ఉంటుంది కానీ విప్పితే 23 అంగుళాలు దాటుతుంది. మామూలు డిజిటల్ మెషిన్‌కు అది ఎక్కదు, సెంటర్ పిన్ కుదరదు. లోపలికి 130 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు, గ్రాముల్లో) మ్యాట్ ఆర్ట్ పేపర్, అట్టకు 300 జీఎస్ఎం, మ్యాట్ ల్యామినేషన్. గ్లాసీ వేస్తే ట్యూబ్‌లైట్ కింద సగం బొమ్మ కనపడదు. కాపీకి లోపల 6 షీట్లు, అట్టకు 1. 50 కాపీలకు 300 షీట్లు, 50 అట్టలు. ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకుని లక్డీకాపూల్, చిక్కడపల్లి వైపు మూడు చోట్ల ధర అడగండి. ‘పిల్లల పుస్తకం ఎంతవుతుంది’ అని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో కాగితం ఊహించుకుని చెప్తారు, పోల్చడం కుదరదు.

ఇంట్లో పంచుకోవడానికైతే ఐఎస్‌బీఎన్ (పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు) అక్కర్లేదు. అమ్మాలనుకుంటే రాజా రామ్మోహన్ రాయ్ ఏజెన్సీ వెబ్‌సైట్‌లో ఉచితంగానే ఇస్తారు. 1954 నాటి డెలివరీ ఆఫ్ బుక్స్ చట్టం ప్రకారం ప్రచురించిన 30 రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, మరో మూడు లైబ్రరీలకు ఒక్కో కాపీ పంపాలి. పేజీకి పాఠం ఎంత పెడుతున్నారో చూడాలంటే తార్నాకలో ‘మంచి పుస్తకం’ అనే ప్రచురణ సంస్థ వాళ్ల పుస్తకాలు తిరగేయండి, లేదా ఉచిత పిల్లల కథల వెబ్‌సైట్ స్టోరీవీవర్‌లో తెలుగు కథలు చూడండి.

50కీ ఒకేసారి సరే అనకండి. ఒక్క కాపీ కొట్టించి, పిన్ను వేయించి, కోయించి చూడండి. ముందు 12-13 విప్పి పిన్ను మినార్ మీద ఎక్కడ గుచ్చుకుందో చూడాలి. గడియారం మీద పడితే బొమ్మను పైకో కిందకో అర అంగుళం జరపమని చెల్లెలికి చెప్పండి.