చీకటి పడకముందే చేరండి

జయనగర్, బెంగళూరు

చి. సౌ. మాధవికి పెద్దమ్మ ఆశీస్సులు.

దసరా సెలవులకు పిల్లలతో డాలస్ వెళ్లి, అక్కడ ఆర్‌వీ (వంటగది, పడక, మరుగుదొడ్డి అన్నీ ఉండే ఇల్లులాంటి బండి) అద్దెకు తీసుకుని ఆర్కన్సా అడవుల్లో తిరిగి వస్తామని ఉగాది నాడు నువ్వు చెప్పావు. ఇంటినిండా చుట్టాలు ఉండటంతో నాకు ఎంత సంతోషమైందో అప్పుడు చెప్పలేకపోయాను. మేము డాలస్‌లో ఉన్న పంతొమ్మిదేళ్లలో ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉండేవి సరస్సు ఒడ్డున గడిపిన ఆ రాత్రులే. ఫోనులో చెబితే సగం గాలికి పోతుందని కాగితం మీద పెడుతున్నాను. అల్లుడు గారికి కూడా చదివి వినిపించు.

ముందు నీ పట్టిక సంగతి. ఆరు రాత్రులకు ఐదు చోట్లు రాసుకున్నావు. అది కారు ప్రయాణానికి వేసే లెక్క, ఆర్‌వీకి పనికిరాదు. బయలుదేరిన ప్రతిసారీ నీళ్ల గొట్టం విప్పాలి, కరెంటు తీగ చుట్టాలి, అలమరల్లో గిన్నెలు కదలకుండా సర్దాలి, ట్యాంకులు ఖాళీ చేయాలి. పిల్లలతో కలిపి ఉదయం రెండు గంటలు దానికే పోతాయి. మళ్లీ చేరినచోట ఇదంతా తిరగేసి చేయాలి. మూడు చోట్లు చాలు. బండి చేతికి వచ్చిన రోజున దాని సంగతులు చూపించడానికే వాళ్లు గంటకు పైగా తీసుకుంటారు, ఆ తర్వాత సరుకులు కొనాలి. అందుకని ఆ రాత్రికి టెక్సార్కానా దగ్గర రైట్ ప్యాట్‌మన్ సరస్సు దాటవద్దు. డాలస్ నుంచి సుమారు 180 మైళ్లు. మరునాడు వాషిటా సరస్సుకు వెళ్లి అక్కడే మూడు రాత్రులు ఉండండి. చివరి రెండూ అడవిలో.

ఈ రెండు సరస్సులూ ఆర్మీ కోర్ ఆఫ్ ఇంజనీర్స్ అనే అమెరికా సైన్యపు ఇంజనీరింగు సంస్థ చేతిలో ఉన్నాయి. ఆ సంస్థ వరదలు ఆపడానికి, కరెంటుకు ఆనకట్టలు కట్టింది. మన మైసూరు దగ్గరి కన్నంబాడి కట్ట (కృష్ణరాజసాగర్) వెనక నీళ్లు నిలిచినట్టే అక్కడా నిలిచాయి. ఆ ఒడ్డుల్లోనే క్యాంప్‌గ్రౌండ్లు వేశారు. ఇలా 43 రాష్ట్రాల్లో 400కు పైగా సరస్సులూ నదీ ప్రాంతాలూ వాళ్ల కింద ఉన్నాయి. ప్రైవేటు ఆర్‌వీ పార్కుల్లో బండి పక్కన బండి, కిటికీ తెరిస్తే పక్కవాళ్ల కిటికీ. ఇక్కడ మాత్రం చెట్టుకూ చెట్టుకూ మధ్య నీ స్థలం, బల్ల, పొయ్యి చుట్టూ ఇనుప కడియం, ఎదురుగా నీళ్లు. పైగా చవక. వాషిటాలో డెన్బీ పాయింట్, టాంప్‌కిన్స్ బెండ్ అనే రెండు చోట్లూ నాకు ఇష్టం. నీళ్లు ఎంత తేటగా ఉంటాయంటే, మోకాలి లోతులో నిలబడితే గోళ్ల రంగు కనపడుతుంది.

చోటు పట్టుకోవడం రిక్రియేషన్ డాట్ గవ్ అనే వెబ్‌సైటులో. చాలావాటికి ఆరు నెలల ముందు తలుపు తెరుచుకుంటుంది, సాధారణంగా అక్కడి తూర్పు తీరపు సమయం ఉదయం పదింటికి. మనకు అప్పుడు రాత్రి ఏడున్నర. అక్టోబరు నడిమికి కావాలంటే ఏప్రిల్ నడిమి నుంచే కాచుకుని కూర్చోవాలి. కొన్ని క్యాంప్‌గ్రౌండ్లు సెప్టెంబరుతో మూసేస్తారు, ముందు అది చూసుకో. ప్రతి స్థలానికీ ఫొటో, అనుమతించే బండి పొడవు రాసి ఉంటాయి. మీ బండి 25 అడుగులైతే 30 అడుగులు రాసి ఉన్నది తీసుకో. స్నానాల గదికి దగ్గరగా ఉన్నది సుఖమని అనిపిస్తుంది గానీ రాత్రంతా దాని దీపం కళ్లలో పడుతుంది. రద్దు చేస్తే పది డాలర్లు పోతాయి, అందుకని అనుమానం మీద నాలుగైదు పట్టి ఉంచకు. ఇంకెవరి పిల్లలకో ఆ ఒడ్డు దక్కకుండా పోతుంది.

ఇప్పుడు నీళ్లు. నీకు ఇది బాగా తెలిసిన విద్యే. 2024 వేసవిలో ట్యాంకరు కోసం మీ అపార్ట్‌మెంటంతా ఎదురుచూడటం, కారు కడిగితే 5,000 రూపాయల జరిమానా అని జలమండలి ప్రకటించడం మరిచిపోలేదు కదా. ఆర్‌వీ అంటే సంపూ ఓవర్‌హెడ్ ట్యాంకూ డ్రైనేజీ మూడూ చక్రాల మీద ఎక్కిన ఇల్లు. మంచినీళ్ల ట్యాంకు ఒకటి, సింకు, స్నానం నీళ్లు చేరే గ్రే ట్యాంకు ఒకటి, మరుగుదొడ్డిది బ్లాక్ ట్యాంకు ఒకటి. అద్దె బండ్లలో మంచినీళ్లు చాలాసార్లు 150 లీటర్లకు అటూ ఇటూ పడతాయి. సరస్సు దగ్గర కుళాయి ఉంటుంది కాబట్టి బెంగ లేదు. అడవిలో రెండు రోజులకు నలుగురికి అంతే నీళ్లు. వెళ్లేముందు ఒక శనివారం ఇంట్లోనే పరీక్ష పెట్టుకోండి. మూడు ఇరవై లీటర్ల క్యాన్లు నింపి, కుళాయిలన్నీ కట్టేసి, వంటా స్నానాలూ గిన్నెలూ ఆ నీళ్లతోనే గడపండి. ఏ పనికి ఎంత పోతుందో ఆ సాయంత్రానికి తెలిసిపోతుంది.

బ్లాక్ ట్యాంకు గురించి మొహమాటం లేకుండా రాస్తున్నాను. గొట్టం తగిలించి ఉన్నా దాని వాల్వు ఎప్పుడూ మూసే ఉంచాలి. తెరిచి ఉంచితే నీళ్లు పోయి గట్టిది లోపల పేరుకుపోతుంది, తర్వాత ఎవరి తరమూ కాదు. మూడింట రెండు వంతులు నిండాక డంప్ స్టేషనుకు, అంటే మురుగు వదిలే చోటుకు వెళ్లి, ముందు బ్లాక్, తర్వాత గ్రే వదలాలి. సబ్బు నీళ్లు వెనక రావడం వల్ల గొట్టం కడిగినట్టవుతుంది. మనం కాగితం కంటే నీళ్లు వాడేవాళ్లం, అది ట్యాంకుకు మంచిదే కానీ తొందరగా నిండుతుంది. సరస్సు దగ్గర ఉన్నన్నాళ్లూ క్యాంప్‌గ్రౌండు గదులనే వాడండి. చేతికి తొడుగులు లేకుండా ఆ పని చేయవద్దు, మంచినీళ్ల గొట్టాన్ని ఆ దరిదాపుల్లో పెట్టవద్దు.

కరెంటు చాలా బండ్లకు 30 ఆంపియర్లు, 120 వోల్టులు. అంటే 3,600 వాట్లు. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవు, కెటిలు ఒకేసారి పెడితే స్విచ్చు పడిపోతుంది. ప్లగ్గు పెట్టేముందు, తీసేముందు స్తంభం దగ్గర బ్రేకరు ఆపాలి. ఇక్కడి మిక్సీ తీసుకెళ్లకు, అక్కడ పనిచేయదు. పచ్చళ్లు, పొడులు, బియ్యం అన్నీ డాలస్‌లోనే దొరుకుతాయి. తాలింపు మాత్రం బయట పెట్టు. ఎండుమిర్చి పొగకు లోపలి అలారం మోగితే చంటాడు ఏడుపు ఆపడు.

బండి నడపడం గురించి అల్లుడు గారికి రెండు మాటలు. ఇక్కడి ఆర్‌టీఓలో అంతర్జాతీయ డ్రైవింగ్ పర్మిటు తీసుకోండి, అది ఏడాది పాటు చెల్లుతుంది. బండి ఎత్తు అడుగుల్లో కాగితం మీద రాసి స్టీరింగు ఎదురుగా అంటించండి. సాయంత్రం నాలుగింటికల్లా చేరండి. అక్టోబరు నడిమికి అక్కడ ఏడు కాకముందే పొద్దు గుంకుతుంది, అడవి చీకటి మన వీధి చీకటి కాదు.

ఈ మాట మా అనుభవం. మొదటి ప్రయాణంలో టెక్సోమా సరస్సుకు చేరేసరికి రాత్రి తొమ్మిదైంది. మా స్థలం వంపు దారి చివర, రెండు ఓక్ చెట్ల మధ్య. మీ పెదనాన్న వెనక్కి తీస్తున్నారు, నేను వెనక నిలబడి "రండి, రండి" అంటున్నాను. ఇంజను మోతలో ఆయనకు నా గొంతు వినపడదు, చీకట్లో నేను కనపడను. పైన కొమ్మను ఇద్దరమూ చూడలేదు. ఏసీ పెట్టె మూత పగిలి తెల్లటి ముక్కలు నా భుజం మీద రాలాయి. ఆ చప్పుడుకు క్యాంప్ హోస్ట్ వచ్చింది. ప్రవేశం దగ్గర తమ సొంత ఆర్‌వీలో ఉంటూ స్వచ్ఛందంగా ఆ చోటు చూసుకునే విశ్రాంత దంపతుల్లో ఆవిడ ఒకరు. డెబ్బై దాటి ఉంటాయి. చేతుల్లో రెండు టార్చిలైట్లు. ఒకటి నా చేతిలో పెట్టి, నన్ను భుజం పట్టుకుని డ్రైవరు వైపు అద్దంలో మీ పెదనాన్నకు నా ముఖం కనపడేచోట నిలబెట్టింది. అద్దంలో మనిషి కనపడకపోతే బండి ఆగిపోవాలి, దారి చెప్పేది ఒక్కరే, ముందు తలెత్తి చూడాలి. ఈ మూడే చెప్పింది. మీరూ చేరగానే హోస్టును పలకరించండి. ఏ స్థలం వానకు బురదవుతుందో, ఎలుగు నిన్న ఎక్కడ తిరిగిందో వాళ్లకే తెలుస్తుంది.

ఎలుగు అన్నానని బెదరకు. ఆ కొండల్లో ఎలుగులు దాదాపు కనుమరుగైతే 1958 నుంచి 1968 దాకా మిన్నెసోటా, మానిటోబాల నుంచి సుమారు 250 తెచ్చి ఆర్కన్సాలో వదిలారు. ఇప్పటివి వాటి సంతానమే. సాధారణంగా మనుషుల జోలికి రావు, తిండి వాసనకు వస్తాయి. రాత్రి బల్ల మీద చిప్స్ పొట్లం, నూనె గిన్నె, చివరికి పిల్లల టూత్‌పేస్టు కూడా బయట ఉంచకండి.

అడవి భాగం వాషిటా నేషనల్ ఫారెస్టులో. 1907లో ఏర్పడిన అడవి అది. అక్కడి షేడీ లేక్ లాంటి చోట్లు 1930లలో, ఉద్యోగాలు లేని యువకులకు పని చూపిన రోజుల్లో కట్టినవి. రాతి పని ముచ్చటగా ఉంటుంది, దారులు మాత్రం ఆనాటి చిన్న కార్లకు వేసినవి. కొన్నిచోట్ల ఇప్పటికీ డబ్బు కవరులో పెట్టి ఇనుప గొట్టంలో వేసి, చీటీ చింపుకుని స్థలం దగ్గర తగిలించాలి. చిల్లర నోట్లు ఉంచుకో. కట్టెలు డాలస్ నుంచి మోసుకెళ్లవద్దు, దగ్గర్లో కొనండి. 2002లో మిచిగన్‌లో బయటపడిన ఆకుపచ్చ పురుగు ఒకటి కట్టెలతో పాటు ఊళ్లు దాటి అక్కడి యాష్ అనే జాతి చెట్లను కోట్లలో చంపింది. మంట ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, కలిపి, చెయ్యి వెనక వైపు దగ్గర పెట్టి వేడి లేదని చూశాకే పడుకోండి.

ఒక్క విషయంలో మాత్రం నీ చేత మాట తీసుకుంటాను. ఏటి ఒడ్డున పల్లపు స్థలం ఎంత అందంగా ఉన్నా తీసుకోవద్దు. 2010 జూన్ 11 తెల్లవారుజామున ఆ అడవిలోనే, ఆల్బర్ట్ పైక్ అనే చోట, లిటిల్ మిస్సోరీ నది కొన్ని గంటల్లో 20 అడుగులకు పైగా పొంగింది. నిద్రలో ఉన్న 20 మంది చనిపోయారు, వాళ్లలో పిల్లలూ ఉన్నారు. ఆ లోయలో ఫోన్లకు సిగ్నలు ఉండదు. అందుకే చిన్న వాతావరణ రేడియో ఒకటి కొనండి, దాని హెచ్చరికలు ఫోను లేకపోయినా వినిపిస్తాయి. వాన సూచన ఉంటే ఆ రెండు రాత్రులూ వదిలేసి వాషిటా సరస్సు దగ్గరే ఎత్తు మీద ఉండిపోండి. డబ్బు పోతే పోనీ.

రాత్రి పది దాటితే అక్కడ నిశ్శబ్దం పాటించాలి, జనరేటరు వేయకూడదు. చంటాణ్ని అప్పుడు నీళ్ల దగ్గరకు తీసుకెళ్లి ఆకాశం చూపించు. అగర చెరువు మీద వాడు ఇప్పటిదాకా చూసిన చుక్కలు పది ఉంటాయేమో.

మా పాత నీటి ఒత్తిడి రెగ్యులేటరు, ఇత్తడిది, ఇంకా నా దగ్గరే ఉంది. క్యాంప్‌గ్రౌండు కుళాయి జోరుకు బండి లోపలి గొట్టాలు పగలకుండా కాపాడేది అదే, అద్దె బండిలో ఒక్కోసారి ఉండదు. బండిని సమంగా నిలిపేందుకు చిన్న మట్టం కూడా ఉంది. వచ్చే ఆదివారం భోజనానికి నలుగురూ రండి, రెండూ ఇస్తాను. వచ్చేటప్పుడు కొత్త పట్టిక తీసుకురా.

మీ పెద్దమ్మ