వస్తువును పట్టుకొని కరవబోయే కుక్కకు వదలడం నేర్పే పద్ధతి

మీ కుక్క చెప్పునో సాక్సునో నోట కరచుకొని మంచం కిందికి దూరుతోందనీ, తీసుకోబోతే గుర్రుమని మీ చేతిని కరవబోతోందనీ రాశారు. ఇది పొగరు కాదు, ఉన్నది పోతుందన్న భయం. అందువల్ల గుర్రుమన్నందుకు దాన్ని కొట్టడం, గద్దించడం వెంటనే మానండి; ఆ హెచ్చరికను శిక్షతో అణచివేస్తే, రేపు చప్పుడు చేయకుండానే కరిచే ప్రమాదం ఉంది.

ముందు అది ఎత్తుకుపోయే వస్తువులన్నీ అందకుండా సర్దేయండి. తర్వాత, దానికి అంతగా పట్టని ఒక బొమ్మతో మొదలుపెట్టి, అది నిశ్చింతగా ఉండగలిగేంత దూరంలో నిలబడి, చాలా ఇష్టమైన తిండి ముక్కను విసిరి, వెనక్కి వెళ్లిపోండి. మీరు దగ్గరికి వస్తే ఏదీ పోదనీ, మంచిదే దొరుకుతుందనీ దానికి నమ్మకం కుదరడానికి, రోజుకు కొద్ది నిమిషాల చొప్పున సాధన చేసినా, వారాలు పట్టవచ్చు. ఒళ్లు బిగుసుకున్నా, కళ్లలో తెల్లగుడ్డు కనిపించినా మీరు తొందరపడ్డారని గ్రహించి దూరం పెంచండి. అది తనంతట తానే మీ వైపు రావడం మొదలయ్యాక మార్పిడి నేర్పండి: మెరుగైనది ఇచ్చి, వస్తువు తీసుకొని, వీలైతే దాన్ని మళ్లీ కుక్కకే ఇచ్చేయండి. ఈ తిరిగి ఇవ్వడాన్నే చాలామంది మరచిపోతారు; నా దృష్టిలో అదే కీలకం.

పిల్లలను ఈ సాధనకు దూరంగా ఉంచండి. ఈ గుణం హఠాత్తుగా మొదలై ఉంటే, నొప్పి కారణం కావచ్చు కనుక, పశువైద్యుడికి చూపించండి. పన్ను దిగితే గాయాన్ని 15 నిమిషాలపాటు సబ్బు నీటితో కడిగి, అదే రోజు వైద్యుణ్ణి కలవండి.